గని దిబ్బల మట్టి, అందులో బతికే బ్యాక్టీరియా: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: నేను రాబర్ట్‌సన్‌పేటలో పుట్టి పెరిగాను. మా నాన్నగారు కోలారు బంగారు గనుల్లో పనిచేశారు. గనులు మూతపడ్డాక నేను ఉద్యోగం కోసం బెంగళూరుకు వచ్చేశాను కానీ, అమ్మానాన్నలు ఇప్పటికీ సైనైడ్ దిబ్బకు (బంగారం తీశాక మిగిలిన రాతిపిండి గుట్టకు) దగ్గరలోని పాత ఇంట్లోనే ఉంటున్నారు. లోహాలను తినే బ్యాక్టీరియా ఉందనీ, దాన్ని చల్లితే ఇలాంటి దిబ్బలు వాటంతట అవే శుభ్రపడతాయనీ మా బంధువొకాయన గట్టిగా చెబుతున్నారు. ఇది నిజమేనా? అసలు ఆ దిబ్బల వల్ల ప్రమాదం సైనైడ్‌తోనా, లోహాలతోనా?
(ఒక పాఠకుడు, కృష్ణరాజపురం, బెంగళూరు)

సమాధానం: మీ రెండో ప్రశ్నతో మొదలుపెడితే మొదటిదానికి జవాబు తేలికగా తెలుస్తుంది. సైనైడ్ కర్బనం, నత్రజని కలిసి ఏర్పడిన సమ్మేళనం. ఆ రెండింటి బంధాన్ని తెంచితే దాని విషగుణం పోతుంది. ఎండ, గాలి, నేలలోని సూక్ష్మజీవులు కాలక్రమంలో ఈ పని చేస్తాయి కాబట్టి దిబ్బ పైపొరలో స్వేచ్ఛగా ఉన్న సైనైడ్ ఏళ్ల తరబడి నిలవదు. ఇనుముతో గట్టిగా జతకట్టినది మాత్రం లోపలి పొరల్లో చాలాకాలం ఉండిపోగలదు. లోహాల సంగతి అలా కాదు. సీసం, కాడ్మియం, పాదరసం, రాగి, జింకు మూలకాలు. కచ్చితమైన అర్థంలో లోహం కాకపోయినా వాటితో కలిపి లెక్కించే ఆర్సెనిక్ కూడా మూలకమే. మూలకాన్ని ఏ జీవీ విడగొట్టలేదు, అరిగించుకుని లేకుండా చేయలేదు. బ్యాక్టీరియా చేయగలిగిందల్లా దాని రూపాన్ని మార్చడం, లేదా దాన్ని ఒకచోటి నుంచి మరోచోటికి చేర్చడం. కరిగే రూపాన్ని కరగనిదిగానూ, కరగనిదాన్ని కరిగేదిగానూ మార్చగలదు. పాదరసం విషయంలోనైతే ఆవిరిగా కూడా మార్చగలదు. అందుచేత ఎవరు ఏ బ్యాక్టీరియాతో శుద్ధి చేశామని చెప్పినా, చివరికి ఆ లోహం ఎక్కడికి చేరిందని అడగడం మన బాధ్యత. ఆ ప్రశ్నకు జవాబు లేని శుద్ధి శుద్ధి కాదు.

ఇక దిబ్బల విషయానికి వస్తాను. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ రంగంలోకి దిగినప్పటి నుంచి 2001లో గనులు మూసేవరకు, దాదాపు 120 ఏళ్ల పాటు అక్కడ రాతిని పిండిగా కొట్టి బంగారాన్ని తీశారు. తొలి రోజుల్లో పాదరసం పూసిన రేకుల మీద ఆ పిండిని పారించి బంగారాన్ని పట్టేవారు. స్కాట్లాండ్‌లో మెకార్థర్, ఫారెస్ట్ సోదరులు 1887లో పేటెంటు పొందిన, బంగారాన్ని సైనైడ్ ద్రావణంలో కరిగించి తీసే పద్ధతి ఆ తర్వాత ప్రపంచమంతటా బంగారు గనులకు వ్యాపించి కోలారుకూ వచ్చింది. టన్ను రాతిలో బంగారం కొన్ని గ్రాములే ఉంటుంది. మిగిలిన పిండంతా దిబ్బే. అలా పేరుకున్నది మూడు కోట్ల టన్నులకు పైమాటే. ఈ పరిమాణం ముందు చాలా చిన్నవిగా కనిపించే అంకెలు కూడా పెద్దవైపోతాయి. కిలో మట్టిలో ఒక లోహం కేవలం 1 మిల్లీగ్రాము ఉందనుకుంటే టన్నుకు 1 గ్రాము, మూడు కోట్ల టన్నులకు 30 టన్నులు అవుతుంది. బంగారం ఉన్న రాతిలో ఆర్సెనిక్‌నూ గంధకాన్నీ కలిపి మోసే ఖనిజాలు తరచుగా ఉంటాయి కాబట్టి, బంగారు గని దిబ్బలంటే మొదట పరీక్షించవలసింది ఆర్సెనిక్ కోసమే.

బ్యాక్టీరియాతో నిజంగా శుద్ధి జరిగిన బంగారు గని ఒకటి అమెరికాలో ఉంది. సౌత్ డకోటా రాష్ట్రంలోని హోమ్‌స్టేక్ గనిలో 1984 నుంచి పెద్ద పళ్లాల మీద బ్యాక్టీరియా పొరను పెంచి, ఆ పళ్లాలు గని వ్యర్థజలంలో మునిగి తేలుతూ తిరిగే ఏర్పాటు చేశారు. ఆ నీటిలోని సైనైడ్‌ను బ్యాక్టీరియా నిజంగానే విడగొట్టింది. అదే నీటిలోని లోహాలు మాత్రం ఆ జీవపొరకు అంటుకుని, దానితో పాటు మడ్డిగా అడుగుకు చేరాయి. ఒకే తొట్టిలో సైనైడ్ నాశనమైంది, లోహం చోటు మారింది. ఇంకో సంగతి కూడా గమనించండి: అక్కడ శుద్ధి అయినది కాలువలో పారే నీరు, కొండంత దిబ్బ కాదు. నీటిని తొట్టిలోకి మళ్లించవచ్చు, వేడినీ గాలినీ అదుపు చేయవచ్చు, మడ్డిని వేరుగా తీయవచ్చు. ఎండకు కాగి, వానకు తడిసి, తిండికి తగిన సేంద్రియ పదార్థం ఏదీ లేని రాతిపిండి మీద బయటి నుంచి తెచ్చిన బ్యాక్టీరియాను చల్లితే అందులో ఎక్కువ భాగం బతకదు. మీ బంధువు చెప్పింది ఆశతో చెప్పిన మాటే అయివుంటుంది కానీ, ఆ ఆశతో అసలు పని వాయిదా పడకూడదు.

ఆ అసలు పని దుమ్మును ఆపడం. వేసవి గాలులకు ఎగిరే సన్నని పిండి మీ అమ్మానాన్నల ఇంట్లోకి, నీటి తొట్లలోకి, పెరటి మొక్కల ఆకుల మీదికి చేరుతుంది. ఇంటి నేలను పొడి చీపురుతో ఊడ్చే బదులు తడిగుడ్డతో తుడవడం, తాగునీటి పాత్రలకు, తొట్లకు మూతలు పెట్టడం, బావి లేదా బోరు నీటిని ఆర్సెనిక్, సీసం, కాడ్మియంల కోసం ఒకసారి పరీక్ష చేయించడం వెంటనే చేయదగినవి. భారతీయ తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరు నీటిలో ఆర్సెనిక్ 0.01 మిల్లీగ్రాము, సీసం 0.01, కాడ్మియం 0.003 దాటకూడదు. దిబ్బల్లో మిగిలిన బంగారాన్ని మళ్లీ తీయడానికి కేంద్రం పంపిన ప్రతిపాదనకు 2024లో కర్ణాటక మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఏళ్లుగా వానకు గట్టిపడిన పైపొరను కదిలిస్తే దుమ్ము పెరుగుతుంది. బంగారం తీశాక ఆ పిండి మళ్లీ ఎక్కడో ఒకచోట పోయవలసిందే. నీళ్లు చల్లుతారా, లారీలకు కప్పు వేస్తారా, చివరి పిండిని ఎక్కడ పోస్తారు, దాని కింద నీరు ఇంకకుండా ఏ అడ్డు వేస్తారు అని అడిగే హక్కు మీ ఊరివాళ్లకు ఉంది. తవ్వకం మొదలుకాక ముందే అడగండి.

ప్రశ్న: మా అక్కయ్య వాళ్లది కోలారు గనుల దగ్గరి మారికుప్పం. సెలవులకు వెళ్లినప్పుడు పిల్లలు దిబ్బ అంచున ఇసుకలో ఆడుకుంటారు. కొందరు ఆ పిండిని ఇల్లు కట్టడానికి, ముంగిట్లో పోయడానికి కూడా తీసుకెళుతుంటారు. దానివల్ల నష్టం ఉందా?
(ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు)

సమాధానం: పిల్లలను అక్కడ ఆడనివ్వకండి. పెద్దల కంటే చిన్నపిల్లల శరీరం సీసాన్ని చాలా ఎక్కువగా పీల్చుకుంటుంది. మట్టి చేతులు నోట్లో పెట్టుకునే వయసులో అది మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఆడి వచ్చిన పిల్లలకు అన్నం పెట్టేముందు చేతులు, గోళ్ల సందులు సబ్బుతో కడగాలి, బట్టలు విడిగా ఉతకాలి. ఆ పిండిని పరీక్ష చేయకుండా ఇంటి పనికి వాడకూడదు. ముంగిట్లో పోయడమంటే దిబ్బను ఇంటికి తెచ్చుకోవడమే.

ప్రశ్న: నేను ఎమ్మెస్సీ సూక్ష్మజీవశాస్త్రం చదువుతున్నాను. గని వ్యర్థ మట్టి నుంచి లోహాలను తట్టుకునే బ్యాక్టీరియాను వేరుచేయడం నా ప్రాజెక్టు. అంత విషంలో ఇవి ఎలా బతుకుతాయో వివరించండి. ప్రయోగంలో ఏయే జాగ్రత్తలు తీసుకోవాలి?
(ఒక విద్యార్థిని, యలహంక, బెంగళూరు)

సమాధానం: మంచి అంశాన్ని ఎంచుకున్నారు. జవాబు కొంచెం పొడవుగా ఉంటుంది, ఓపికగా చదవండి.

లోహాల్లో కొన్ని జీవానికి అవసరమైనవే. రాగి, జింకు, నికెల్, కోబాల్ట్ కొద్ది మోతాదులో లేకపోతే అనేక ఎంజైములు పనిచేయవు. మోతాదు మించితే అవే ప్రోటీన్లకు అంటుకుని వాటి ఆకృతిని పాడుచేస్తాయి. కాడ్మియం, సీసం, పాదరసం సాధారణంగా ఏ అవసరానికీ రావు. అవసరమైన లోహాల కోసం తెరిచి ఉంచిన ద్వారాల గుండా దొంగతనంగా లోపలికి వస్తాయి. ఆర్సెనిక్‌లో ఆర్సెనేట్ అనే రూపం చూడటానికి ఫాస్ఫేట్‌ను పోలి ఉంటుంది కాబట్టి ఫాస్ఫేట్‌ను లోపలికి తెచ్చే మార్గంలోనే కణంలోకి చేరుతుంది. ఫాస్ఫేట్ లేకుండా బతకలేని బ్యాక్టీరియా ఆ ద్వారాన్ని పూర్తిగా మూసుకోలేదు. కాబట్టి వచ్చినదాన్ని వచ్చినట్టే బయటికి తోసేయడమే వాటికి ప్రధానమైన ఉపాయం.

దీనికి పాఠ్యపుస్తకాల్లో నిలిచిన ఉదాహరణ క్యుప్రియావిడస్ మెటాలిడ్యూరాన్స్. 1976లో బెల్జియంలో ఒక జింకు కర్మాగారపు తొట్టి అడుగు మడ్డి నుంచి దీన్ని వేరుచేశారు. దాని లోహ నిరోధక జన్యువుల్లో ముఖ్యమైనవి రెండు పెద్ద ప్లాస్మిడ్ల (క్రోమోజోముకు వేరుగా ఉండే డీఎన్‌ఏ వలయాల) మీద ఉన్నాయి. వాటిలో ఒకటి తయారుచేసే పంపు కోబాల్ట్, జింకు, కాడ్మియంలను కణపు రెండు పొరలనూ దాటించి బయటికి నెడుతుంది. ఈ నెట్టడానికి శక్తి కావాలి. అందుకే లోహాలున్న మట్టిలో బతికే జీవులు తరచుగా నిదానంగా పెరుగుతాయి. బ్యాక్టీరియాను పెంచే మీ పళ్లేలను రెండు రోజులకే పారేయకండి.

పాదరసానిది వేరే దారి. దాన్ని తట్టుకునే బ్యాక్టీరియా ఒక ఎంజైముతో పాదరసపు అయాన్‌ను మామూలు పాదరసంగా మారుస్తుంది. అది ఆవిరై గాలిలో కలుస్తుంది. బ్యాక్టీరియాకు విముక్తి దొరికింది, గాలికి పాదరసం చేరింది. ఆర్సెనిక్ విషయంలో ఇంతకంటే ఆలోచించవలసిన విషయం ఉంది. చాలా బ్యాక్టీరియా ఆర్సెనేట్‌ను మొదట ఆర్సెనైట్‌గా మార్చి, ఆ తర్వాత బయటికి పంపుతుంది. ఆర్సెనేట్ కంటే ఆర్సెనైట్ మనకు ఎక్కువ విషం, నేలలో సాధారణంగా మరింత సులభంగా కదులుతుంది. ఇంకొన్ని బ్యాక్టీరియాలు గాలి అందని చోట, మట్టి రేణువులకు పట్టివున్న ఇనుప తుప్పును కరిగించి, దానికి అంటుకున్న ఆర్సెనిక్‌ను నీటిలోకి వదులుతాయి. పశ్చిమ బెంగాల్, బంగ్లాదేశ్ బోరుబావుల్లో ఆర్సెనిక్ చేరడానికి శాస్త్రవేత్తలు చెప్పే ముఖ్య కారణం ఇదే. అది గనుల నుంచి వచ్చినది కాదు. కాబట్టి మీ పళ్లెంలో ఒక బ్యాక్టీరియా ఎంతో ఆర్సెనిక్‌ను తట్టుకుని పెరిగిందంటే అది నేలను శుద్ధి చేస్తుందని అర్థం కాదు, ఒక్కోసారి దానికి పూర్తిగా వ్యతిరేకం. విద్యార్థుల ప్రాజెక్టు నివేదికల్లో తట్టుకోవడాన్నీ తొలగించడాన్నీ ఒకటిగా రాసేయడం తరచుగా కనిపిస్తుంది. మీ నివేదికలో ఈ రెండూ వేర్వేరు అధ్యాయాలుగా ఉంటే బాగుంటుందని నా సలహా.

నిజంగా మేలు చేసే దారులూ ఉన్నాయి. కణపు గోడ మీదా, చుట్టూ ఉండే జిగురు మీదా ఉన్న ఫాస్ఫేట్, కార్బాక్సిల్ సమూహాలు లోహ అయాన్లను పట్టుకుంటాయి. దీనికి కణం బతికి ఉండనవసరం లేదు, అందుకే చంపిన కణాలతో కూడా అదే కొలతను పక్కన చేసి పోల్చాలి. వీటన్నిటిలోకీ నాకు అత్యంత నమ్మకమైనది సల్ఫేట్‌ను సల్ఫైడ్‌గా మార్చే బ్యాక్టీరియా. ఆ సల్ఫైడ్ నీటిలోని జింకు, కాడ్మియం, రాగి, సీసాలతో కలిసి నీటిలో దాదాపు కరగని అవక్షేపంగా కిందికి దిగుతుంది. నెదర్లాండ్స్‌లోని బూడెల్ జింకు శుద్ధి కర్మాగారంలో కలుషితమైన భూగర్భజలాన్ని 1992 నుంచి ఇలాగే శుద్ధి చేస్తూ, దిగిన జింకు సల్ఫైడ్‌ను తిరిగి కర్మాగారపు కొలిమికే పంపారు. లోహం చివరికి ఎక్కడికి చేరిందన్న ప్రశ్నకు ఇంత నిక్కచ్చిగా జవాబు చెప్పిన ఉదాహరణలు తక్కువ.

ఇక ప్రయోగం గురించి. పోషకాలు పుష్కలంగా ఉన్న ఎల్‌బీ వంటి మాధ్యమంలో (బ్యాక్టీరియాను పెంచే ఆహార ద్రావణంలో) లోహ లవణాన్ని కలిపి, ఎంత సాంద్రత వరకు పెరిగిందో చూసి గొప్ప నిరోధకత ఉందని చెప్పడం సరికాదు. ఆ మాధ్యమంలోని పెప్టోన్, అమైనో ఆమ్లాలు లోహాన్ని ముందే పట్టేసుకుంటాయి. ఫాస్ఫేట్ ఎక్కువగా ఉంటే సీసం తెల్లగా విరిగి అడుగుకు చేరుతుంది. మీరు వేసిన మోతాదు ఒకటి, బ్యాక్టీరియాకు నిజంగా తగిలిన మోతాదు మరొకటి అవుతుంది. ఆమ్లతను నిలకడగా ఉంచే ట్రిస్ కలిపిన, ఫాస్ఫేట్ అతి తక్కువగా ఉండే కనీస మాధ్యమం వాడండి. లోహ లవణ ద్రావణాన్ని విడిగా వడపోసి, మాధ్యమం చల్లారాక కలపండి. కలిపాక పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) తప్పక కొలవండి, ఎందుకంటే కొన్ని లవణాలు దాన్ని బాగా తగ్గిస్తాయి, అప్పుడు బ్యాక్టీరియాను ఆపింది లోహమో ఆమ్లమో తేల్చలేరు. దిబ్బకు దూరంగా ఉన్న మామూలు పొలం మట్టిని కూడా అదే రోజు, అదే పద్ధతిలో పరీక్షించండి. లోహ నిరోధక జన్యువులు గనులకంటే ఎంతో పురాతనమైనవి. సైబీరియాలో వేల ఏళ్లుగా గడ్డకట్టి ఉన్న నేలల్లోని బ్యాక్టీరియాలో సైతం పాదరసాన్ని తట్టుకునే జన్యువులు దొరికాయి. పోలిక లేకుండా దిబ్బ మట్టిలో దొరికిన ప్రతి మొండి బ్యాక్టీరియానూ గని పుట్టించిందని చెప్పలేము.

మట్టి సేకరణకు స్థల యజమాని అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి, మాస్కు పెట్టుకోండి, ఒంటరిగా వెళ్లకండి. వాడిన లోహ ద్రావణాలను తొట్టిలో పారబోయకుండా విడి డబ్బాలో చేర్చి, మీ కళాశాల ప్రమాదకర వ్యర్థాలను పంపే చోటికే పంపండి.

ప్రశ్న: నేను ఒక ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్నాను. లోహాలను తట్టుకునే బ్యాక్టీరియా యాంటీబయాటిక్ మందులకు కూడా లొంగదని విన్నాను. రెండింటికీ సంబంధం ఏమిటి?
(ఒక పాఠకురాలు, శివాజీనగర్, బెంగళూరు)

సమాధానం: సంబంధం ఉంది, మీరు అడిగినందుకు సంతోషం. కొన్ని పంపులు లోహాన్నీ, మందునూ రెండింటినీ బయటికి నెట్టగలవు. ఇంకొన్ని చోట్ల లోహ నిరోధక జన్యువులు, మందుల నిరోధక జన్యువులు ఒకే ప్లాస్మిడ్ మీద పక్కపక్కనే కూర్చుని ఉంటాయి. టీఎన్21 అనే కదిలే జన్యుభాగం దీనికి పేరుపొందినది. దాని మీద పాదరసాన్ని తట్టుకునే జన్యువులతో పాటు సల్ఫా మందులను, స్ట్రెప్టోమైసిన్‌ను తట్టుకునే జన్యువులు కూడా ఉంటాయి, అదంతా కట్టగా ఒక బ్యాక్టీరియా నుంచి మరొకదానికి వెళుతుంది. అలాంటప్పుడు మందు చుక్కైనా పడని నేలలో కూడా, లోహం ఒత్తిడి వల్ల మందుకు లొంగని బ్యాక్టీరియా వృద్ధి చెందగలదు. లోహం కుళ్లి పోయేది కాదు కాబట్టి ఆ ఒత్తిడి ఏళ్ల తరబడి ఆగదు.

అయితే దిబ్బ మట్టిలోని బ్యాక్టీరియా అంతా రోగకారకమని భయపడవలసిన పని లేదు. వాటిలో అత్యధిక భాగం మనిషి జోలికి రానివి. జాగ్రత్త పడవలసింది వాటిని పెద్ద ఎత్తున పెంచి పొలాల్లో చల్లాలనుకునేవాళ్లు. అలాంటి ప్రతి జాతికి మందుల నిరోధకత పరీక్ష, ఆ జన్యువులు ప్లాస్మిడ్ మీద ఉన్నాయా అన్న పరీక్ష చేయకుండా ఆరుబయట వదలకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

ప్రశ్న: బ్యాక్టీరియాతో బంగారం తీయవచ్చంటారు. అదే పద్ధతిని కోలారు దిబ్బల్లో వాడితే ఊరికి ఉపాధి, నేలకు శుద్ధి రెండూ దక్కుతాయి కదా?
(ఒక పాఠకుడు, మల్లేశ్వరం, బెంగళూరు)

సమాధానం: బ్యాక్టీరియా బంగారాన్ని కరిగించదు, దాన్ని బంధించిన ఖనిజాన్ని కరిగిస్తుంది. ఇనుము, గంధకాలను ఆహారంగా చేసుకునే ఒక బ్యాక్టీరియాను 1947లో అమెరికా బొగ్గు గనుల ఆమ్లజలంలో గుర్తించారు. ఇప్పుడు దాని పేరు అసిడిథయోబాసిల్లస్ ఫెర్రోఆక్సిడాన్స్. ఇలాంటి జీవులతో దక్షిణాఫ్రికాలోని ఫెయిర్‌వ్యూ గనిలో 1986 నుంచి బంగారాన్ని బంధించిన సల్ఫైడ్ ఖనిజాన్ని విడదీస్తున్నారు. మన బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో కూడా ఖనిజాల జీవశుద్ధిపై దశాబ్దాలుగా పరిశోధన జరిగింది. కానీ ఆ పని అదుపులో ఉంచిన తొట్లలో, ఖనిజం దట్టంగా ఉన్న పిండితో జరుగుతుంది. ఖనిజం విడిపోయాక బంగారాన్ని తీయడానికి మళ్లీ సైనైడే వాడతారు, విడుదలైన ఆర్సెనిక్‌ను ఇనుముతో కలిపి స్థిరమైన అవక్షేపంగా మార్చి భద్రపరచాలి. ఆరుబయట దిబ్బలో అదే బ్యాక్టీరియా సల్ఫైడ్ మీద పనిచేస్తే ఆమ్లం పుట్టి, లోహాలన్నిటినీ కరిగించి వాగులోకి పంపుతుంది. ఉపాధి వాదనను నేను తోసిపుచ్చను. ఉపాధికి కట్టిన లెక్కలో, మిగిలిన పిండిని భద్రపరిచే ఖర్చు కూడా మొదటి రోజు నుంచే ఉండాలి.

ప్రశ్న: నేను వైట్‌ఫీల్డ్‌లో ఉంటాను. బంగారుపేట తాలూకాలో మా పెద్దల పొలం నాలుగెకరాలు ఉంది. టమాటా, ఆకుకూరలు, చెరువు నిండిన ఏడు వరి వేస్తాము. పొలానికి ఒక పక్క పాత గని పిండి కొట్టుకొచ్చిన నేల ఉంది. లోహాలను పూర్తిగా తొలగించే సూక్ష్మజీవుల పొడి అంటూ ఒకాయన సంచులు అమ్మచూపుతున్నాడు. కొనవచ్చా? లేకపోతే ఏం చేయాలి?
(ఒక రైతు పాఠకుడు, వైట్‌ఫీల్డ్, బెంగళూరు)

సమాధానం: కొనకండి. చల్లిన ఏ పొడీ పొలంలోంచి లోహాన్ని పూర్తిగా తొలగించలేదు. ఆ పొడిలోని జీవి లోహాన్ని పట్టుకున్నా, ఆ జీవి మీ మట్టిలోనే ఉంటుంది, చచ్చాక పట్టుకున్నదాన్ని అక్కడే వదులుతుంది.

మొదట పరీక్ష చేయించండి. మట్టి ఆరోగ్య కార్డు కోసం చేసే పరీక్షలో నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, పీహెచ్ వంటి 12 అంశాలు ఉంటాయి. ఆర్సెనిక్, సీసం, కాడ్మియం ఉండవు. కాబట్టి కార్డులో అంతా బాగుందని రాసి ఉన్నా మీ సందేహం తీరదు. ఎన్‌ఏబీఎల్ (ప్రయోగశాలలకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ప్రయోగశాలలో ఈ మూడింటితో పాటు పాదరసం, క్రోమియం కూడా అడిగి చేయించండి. పిండి కొట్టుకొచ్చిన పక్క నుంచి ఒకటి, పొలం నడుమ నుంచి ఒకటి, పిండి చేరని ఎత్తు నేల నుంచి ఒకటి విడివిడిగా ఇవ్వండి. అన్నీ కలిపి ఒకే సంచిలో ఇస్తే చెడ్డ చోటు మంచి చోటులో కలిసిపోయి కనిపించదు. మట్టిలో మొత్తం ఎంత లోహం ఉందన్నదానితో పాటు మొక్కకు అందే భాగం ఎంతన్నది కూడా కొలవమనండి. అన్నిటికంటే ముఖ్యంగా మీరు పండించిన ఆకుకూర, టమాటా, బియ్యం ఒక్కోటి పరీక్షకు ఇవ్వండి, తినేది వాటినే కదా.

ఫలితం వచ్చేవరకు ఆ పక్క నేలలో ఆకుకూరలు, దుంపలు వేయకండి. సాధారణంగా లోహాలు ఆకుల్లో, వేళ్లలో ఎక్కువగా, కాయల్లో, పండ్లలో తక్కువగా చేరతాయి. ఆకుల మీద పడిన దుమ్ము కడిగితే పోతుంది, వేరు నుంచి ఎక్కినది పోదు.

ఫలితం చేతికి వచ్చాక కూడా తొందరపడకండి, ఎందుకంటే ఒక లోహానికి మందైనది మరోదానికి విషం కావచ్చు. కాడ్మియం, సీసం, జింకు ఎక్కువగా ఉన్న ఆమ్ల నేలకు సున్నం వేస్తే అవి మొక్కకు అందడం తగ్గుతుంది. ఆర్సెనిక్ ఎక్కువగా ఉన్న నేలలో సున్నం పీహెచ్‌ను బాగా పెంచితే అది మట్టిని వదిలి కదలవచ్చు. ఫాస్ఫేట్ ఎరువు సీసాన్ని గట్టిగా బంధిస్తుంది, అదే ఎరువు ఆర్సెనిక్‌ను మట్టి రేణువుల నుంచి నెట్టి నీటిలోకి తోస్తుంది. వరిలోనైతే నీరు నిలబెడితే ధాన్యంలో కాడ్మియం తగ్గి ఆర్సెనిక్ పెరుగుతుంది, ఆరబెడితే ఆర్సెనిక్ తగ్గి కాడ్మియం పెరుగుతుంది. మీ నేలలో ఉన్నది ఏదో తెలియకుండా ఏ సలహా ఇచ్చినా అది గుడ్డి సలహా అవుతుంది, అందుకే నేను ఇవ్వడం లేదు. యలహంక దగ్గర జీకేవీకేలోని వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఫలితాల కాగితం తీసుకెళ్లి నేల విభాగంవారిని కలవండి.

కాడ్మియాన్ని తేలికగా తీసుకోకూడదని ఎందుకంటున్నానో చెబుతాను. జపాన్‌లో కమియోకా గని వ్యర్థం జింజూ నదిలో కలిసి, ఆ నీరు పారిన వరిపొలాల బియ్యం తిన్నవాళ్ల ఎముకలు పెళుసుబారి విరిగాయి. దానికి కారణం కాడ్మియమని అక్కడి ప్రభుత్వం 1968లో ఒప్పుకుంది. ఆ పొలాలను బాగుచేయడానికి వాళ్లు బ్యాక్టీరియాను నమ్ముకోలేదు, మంచి మట్టి పోసి నేలనే మార్చుకున్నారు. 1979లో మొదలైన ఆ పని 2012 వరకు సాగింది.

మీ పిండి నేల పక్క భాగం పరీక్షలో చెడ్డదని తేలితే అక్కడ తిండి పంట ఆపేసి, ఆ పిండి మిగతా పొలంలోకి కొట్టుకురాకుండా గట్టు వేసి, గట్టు మీదా దాని కిందా వట్టివేరు నాటండి. వట్టివేరు లోతుగా వేళ్లూనుతుంది, లోహాన్ని ఎక్కువగా వేళ్లలోనే ఆపి ఆకుల్లోకి తక్కువగా పంపుతుంది, మట్టి కదలకుండా పట్టివుంచుతుంది. ఆర్సెనిక్‌ను ఆకుల్లోకి విపరీతంగా లాగే టెరిస్ విట్టాటా అనే ఫెర్న్ మొక్క గురించి 2001లో వెల్లడైంది. కానీ కోసిన ఆకులను ప్రమాదకర వ్యర్థంగా పంపే ఏర్పాటు లేకపోతే దాని జోలికి వెళ్లకండి, పశువులు మేసినా, గాలికి ఎండి ఎగిరినా నష్టమే.

బ్యాక్టీరియా మీకు నిజంగా ఉపయోగపడేది ఈ దశలోనే. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) వారు మహారాష్ట్రలోని గుంగావ్ మాంగనీసు గని దిబ్బల మీద చక్కెర మిల్లుల ప్రెస్‌మడ్ (చెరకు రసం వడగట్టాక మిగిలే మడ్డి) వేసి, నత్రజనిని స్థిరపరిచే బ్యాక్టీరియానూ వేళ్లతో కలిసి బతికే శిలీంధ్రాన్నీ చేర్చి చెట్లను పెంచారు. ఆ సూక్ష్మజీవుల పని లోహాన్ని మాయం చేయడం కాదు, ఏమీ మొలవని నేలలో మొక్క నిలదొక్కుకునేలా చేయడం. మీరు కూడా బాగా మాగిన పశువుల ఎరువు వేసి, వ్యవసాయ శాఖ గుర్తించిన మామూలు జీవన ఎరువులను వట్టివేరు నాటేటప్పుడు వేళ్లకు పట్టించండి. అవి సంచుల పొడి కంటే చాలా చవక. తొలి రెండు వానాకాలాల తర్వాత గట్టుకు దిగువన ఉన్న మట్టిని, బోరు నీటిని మళ్లీ పరీక్షకు ఇచ్చి, పాత కాగితంతో పక్కపక్కన పెట్టి చూడండి.